పనిచోట ప్రథమ చికిత్స పెట్టె

పట్టిసీమ యనగానే మన కందఱకును గోదావరి నడుమ కొండపై వీరభద్రస్వామి యాలయమును, శివరాత్రి నాటి పడవల సందడియు స్ఫురించును. 2016లో ఎత్తిపోతల పథకము పూర్తియైన పిమ్మట ఆ యొడ్డు ఒక పెద్ద పనిచోటు కూడ నైనది. అందలి 24 పంపులు కలిసి సెకనుకు 8,500 ఘనపుటడుగుల నీటిని తోడి, పోలవరము కుడి కాలువ ద్వారా కృష్ణవైపు పంపగలవు.

ఈ పంపులకు ముఖ్యమైన పని గోదావరికి వరదనీరు వచ్చు నెలలలోనే. ఇట్లు కాలమును బట్టి పని సాగు చోటులందు, అది పంపుహౌసు కానిండు, ఇటుకబట్టీ కానిండు, లాంచీ కానిండు, ప్రథమ చికిత్స పెట్టెకు ఒక చిక్కు కలదు. పని లేని నెలలలో దాని నెవరును తెఱవరు. వేసవి వేడికి ప్లాస్టరు జిగురు ఎండిపోవును. తేమకు కట్టుగుడ్డల పొట్లములు మెత్తబడును. మందులకు గడువు తీఱును. మొదటి మోటారు తిరిగిన నాడే ఎవరి వ్రేలో నలిగినచో, అప్పుడుగాని మూత తీసి చూడము. అందుచేత యంత్రములకు నూనె వేయించు దినముననే పెట్టెను కూడ పరీక్షించవలెనని మా యభిప్రాయము.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 45వ సెక్షనులో, 150 మంది పనివారికి ఒక పెట్టెకు తక్కువ కాకుండ నుండవలెననియు, అది ప్రథమ చికిత్సలో యోగ్యతాపత్రము పొందిన బాధ్యుని వశమున నుండవలెననియు విధించిరి. మాకు మిక్కిలి నచ్చినది మఱియొకటి: నిర్ణయించిన వస్తువులు తప్ప వేఱేదియు అందులో ఉంచరాదు. ఈ మాట వ్రాసినవారు పనిచోటులను బాగుగ నెఱిగినవారే! ఖాళీ జాగా కనబడినచోట రశీదు పుస్తకము, సైకిలు తాళముచెవి, బీడీకట్ట చేరుట మనము చూడనిదా? చట్టములు మాఱినను ఈ నియమమును వదలనక్కఱలేదు.

శుద్ధిచేసి మూసిన కట్టుగుడ్డలు, చుట్ట బ్యాండేజీలు, మూడు మూలల గుడ్డలు, ప్లాస్టరు, కత్తెర, రబ్బరు చేతితొడుగులు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు ముఖ్యముగ నుండవలెను. వీని పట్టికను గడువు తేదీలతో మూత లోపల అంటింపవలెను. తీసినవాడు ఏమి తీసినదియు పుస్తకమున వ్రాయవలెను. బాధ్యుడు మఱునాటికి దానిని తిరిగి నింపవలెను. తాళముచెవి మేనేజరుగారి జేబులో ఇంటికి పోయినచో రాత్రి షిఫ్టువారికి ఆ పెట్టె యున్నను లేనట్లే. ఈ ప్రసంగము వినుచున్న గృహిణులు తమవారిని నేటి రాత్రియే అడుగవచ్చును: మీ పెట్టె ఎవరి వశమున నున్నది?

కొన్ని యాపదలకు పెట్టెలో మందుండదు. కాలినచోట సిరా, టూత్‌పేస్టు పూయక, 20 నిమిషములు చల్లని కుళాయినీరు పాఱనీయవలెను. విద్యుద్ఘాతము తగిలినవానిని ముట్టుటకు ముందు మెయిను స్విచ్చి తీయవలెను. వరదకాలమున పాములు మెరకకు చేరును. కాటు వేసినచో కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాడు బిగింపరాదు. ఆ యవయవమును కదలనీయక, రోగిని నడిపింపక ఆసుపత్రికి చేర్చవలెను. విషమునకు విరుగుడు అక్కడనే కలదు. కావున మూత లోపలి కాగితముపై 108 తో పాటు బండి డ్రైవరు నంబరును, మెయిను స్విచ్చి యున్న తావును, వరదకు రోడ్డు మునిగిన నాడు ఏ దారిన పోవలెనో దానిని కూడ పెద్ద యక్షరములతో వ్రాసియుంచవలెను.