పోటీ తక్కువైన మాటలు

రేడియోలో పనిచేయువారికి చిరపరిచితమైన అనుభవ మొకటి కలదు. మీడియం వేవ్‌పై రాత్రివేళ దూరకేంద్రముల ధ్వనులు పగటికంటె బలముగా వచ్చి పడును. ఒకే తరంగదైర్ఘ్యముపై రెండు కేంద్రము లున్నచో బలముగలది వినవచ్చును. బలహీనమైనది వట్టి గురగురగా మిగిలిపోవును. చిన్న ట్రాన్స్‌మిటరు గల కేంద్రము ఎంత చక్కని కచేరిని ప్రసారము చేసినను, ఆ రద్దీలో దాని గొంతు శ్రోత చెవిని చేరదు. అట్టి కేంద్రమునకు ముందుగా కావలసినది పెద్దగొంతు కాదు, ఖాళీగా నున్న తరంగదైర్ఘ్యము. ఇంటర్నెట్‌లో క్రొత్తగా వెబ్‌సైటు పెట్టుకొనువారి స్థితియు సరిగా ఇట్టిదే.

మనకు ఏదేని విషయము కావలసినప్పుడు గూగుల్ వంటి సెర్చి ఇంజను పెట్టెలో కొన్ని మాటలు వ్రాయుదుము. ఆ మాటలకే కీవర్డులని పేరు. ఒక్కొక్క మాటకు వేలకొలది, లక్షలకొలది పుటలు పోటీపడుచుండును. వెదకువాడు చూచునది సాధారణముగా మొదటి పదింటినే. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధక విద్యార్థు లిరువురు గూగుల్‌ను స్థాపించినప్పుడు వారి మూలసూత్ర మిది: ఒక పుటకు ఇతర పుటలనుండి ఎన్ని లింకులు వచ్చుచున్నవి, ఆ లింకు లిచ్చువారి పరపతి యెట్టిది అని చూచి, దానినిబట్టి ఆ పుట విలువను నిర్ణయించుట. తరువాతి కాలమున పరిశీలనాంశములు మరియెన్నియో చేరినవి గాని, పరపతి యను అంశము మాత్రము పోలేదు. నిన్న పుట్టిన వెబ్‌సైటుకు పరపతి యెక్కడనుండి వచ్చును? కావున అది పెద్దవారు కూర్చున్న మాటలను విడిచి, వారు కూర్చుండని మాటలను వెదకికొనవలెను.

ఈ సంగతి మాకు పుస్తకమున దొరకినది కాదు. మంగళగిరిలో ఒక నేతగాని యింట దొరకినది. ఆ కుటుంబము మాకు చిరకాలముగా తెలిసినది. ఇంట గుంటమగ్గములు రెండు. నూలు అప్పుగా తెచ్చి, నేసిన చీరను అప్పిచ్చిన వానికే వేయుట వారి పద్ధతి. నేరుగా కొనువారికి అమ్మగలిగిన గాని ఆ అప్పునుండి బయటపడు దారి లేదని తలచి, పట్టభద్రుడైన కుమారుడు వెబ్‌సైటు పెట్టెను. చీరల ఫొటోలు బాగుగా తీసెను. ధరలు వ్రాసెను. ఐదు మాసములు గడచినవి. వచ్చి చూచినవారు బంధువులు, స్నేహితులు మాత్రమే. మొదటి పుటలో తప్పక నిలబెట్టెదమని రుసుము పుచ్చుకొనిన వారొకరు మరల ఫోను తీయలేదు. అట్టి హామీ ఎవరును ఈయజాలరని గూగుల్ సంస్థయే హెచ్చరించుచున్నది గాని, ఆ హెచ్చరిక అతని కంటబడు సరికే సొమ్ము చేయి దాటెను. రెండవ మగ్గము అమ్మివేయుదమా యని తండ్రి ఆలోచించుచున్న సమయమున ఆ యువకుడు మా వద్దకు వచ్చెను.

"ఏ మాటలకోసం ఈ పేజీలు రాశావు?" అని అడిగితిమి. "చీరలు, కాటన్ శారీస్, హ్యాండ్లూమ్ శారీస్ అని రాశాను మామయ్యగారూ. అందరూ వెతికేవి అవేగా!" అనెను. అతని పొరపాటంతయు ఆ ఒక్క మాటలోనే యున్నది. అందరును వెదకునవి కనుకనే అందరు వ్యాపారులును అక్కడనే గుమిగూడి యున్నారు. విజయవాడ వస్త్రలతలో నడిమి వరుసలోని పెద్దకొట్ల మధ్య నిలువ చోటులేక, మెట్లక్రింద మూట విప్పుకొని కూర్చున్నవాని వలె నుండెను అతని వెబ్‌సైటు. బేరము లేకపోవుట చీరల లోపము కాదు, చోటు లోపము.

ఒక ఆదివారమున మేము మంగళగిరి వెళ్లి, కాగితము కలము తీసికొని కూర్చుంటిమి. కంప్యూటరును తెరువనీయలేదు. ముందుగా ఆ యువకుని తల్లిని పిలిచి, ఇంటికి వచ్చి చీర కొనువారు ఏమేమి అడుగుదురో చెప్పుమంటిమి. ఆమె నవ్వి, "రంగు పోద్దా అని అడక్కుండా ఒక్కళ్లూ చీర తీసుకోరు అన్నయ్యగారూ" అనెను. తరువాత ఆమె నోట వరుసగా వచ్చినవి: మొదటిసారి ఉప్పునీళ్లలో నానబెట్టాలా? గంజి పెట్టాలా వద్దా? జరీ నల్లబడుద్దా? ఇది చేతిమగ్గమో మరమగ్గమో ఎట్లా తెలుసుద్ది? జాకెట్టు ముక్క ఉందా? పెద్దావిడకి బరువు లేకుండా ఉంటదా? అరగంటలో ముప్పదిరెండు ప్రశ్నలు కాగితము నెక్కినవి. వానిలో ఒక్కటియు ఆమె కుమారుని వెబ్‌సైటున లేదు. పట్టభద్రుడు ఐదు మాసములు వెదకిన నిధి వంటయింటి గడపవద్దనే యుండెను.

ఇట్టి పొడవైన, ప్రత్యేకమైన వెదకులాటలనే ఈ విద్యలో 'పొడవైన తోక' యందురు. ఆ పేరును 2004లో క్రిస్ ఆండర్సన్ అను సంపాదకుడు వైర్డ్ అను అమెరికా పత్రికలో వ్యాపించజేసెను. ఎక్కువ గిరాకి గల కొలది వస్తువులు తల. కొంచెము కొంచెము గిరాకి గల లెక్కలేనన్ని వస్తువులు తోక. తోకలో ఒక్కొక్కటి స్వల్పమే యైనను, మొత్తము స్వల్పము కాదు. గూగుల్‌లో దినదినము జరుగు వెదకులాటలలో సుమారు 15 శాత మంతకుముందు ఎన్నడును ఎవరును వెదకనివే యని ఆ సంస్థ పలుమార్లు ప్రకటించినది. ఇంత విశాలమైన పొలములో పెద్దవారి నాగలి పారని మడి దొరకకపోదు.

తల్లి చెప్పిన ప్రశ్నలు విత్తనములు. ఇప్పుడు కంప్యూటరు తెరచితిమి. ఒక్కొక్క ప్రశ్న మొదటి రెండు మాటలను పెట్టెలో వ్రాసి ఆగితిమి. మిగిలిన మాటలను గూగుల్ తానే సూచించును. ఈ సూచనలు జనులు నిజముగా చేసిన వెదకులాటలనుండి వచ్చునవి. ఫలితముల నడుమ 'ఇతరులు అడుగునవి' యని కొన్ని ప్రశ్నలును, పుట అడుగున సంబంధిత వెదకులాటలును కనబడును. వీనికి వెల లేదు. ముప్పదిరెండు ప్రశ్నలు సాయంకాలమునకు నూరు దాటినవి.

తరువాత లెక్క చూచితిమి. ఏ మాటను నెలకు ఎందరు వెదకుదురో తెలుపుటకు గూగుల్ ప్రకటనదారులకై పెట్టిన కీవర్డ్ ప్లానర్ అను సాధనము కలదు. 2013నుండి అది ఈ పేరుతో నున్నది. ఇచట క్రొత్తవారు పడు గుంట యొకటి కలదు. అందులో 'పోటీ' యను వరుస యుండును; అది ప్రకటనలకై సొమ్ము చెల్లించువారి పోటీయే గాని, మామూలు ఫలితములలోని పోటీ కాదు. అచట 'తక్కువ' యని యున్నంత మాత్రమున మన పుట సులభముగా పైకి వచ్చునని తలచుట వట్టి భ్రమ. అహ్రెఫ్స్ వంటి సంస్థలు కీవర్డు కష్టమును అంకెలలో చూపును. ఆ అంకె మొదటి పది పుటలకు ఎన్ని సైట్లనుండి లింకులున్నవో లెక్కించి వేసిన అంచనా. దిక్కు చూపుటకు అది ఉపయోగపడును గాని తీర్పు కాదు. 'సున్న' యని చూపిన మాటలను సయితము పారవేయరాదు. చిన్న సంఖ్యలు ఈ సాధనములకు అందవు. గంజిని గూర్చిన ప్రశ్నకు అవి సున్న చూపినవి. ఆ తల్లి మాత్రము వారమున కిరువురైనను అది యడుగుదురని చెప్పుచున్నది. మేము ఆమెనే నమ్మితిమి.

అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష కంటితో చేయవలసినది. ఎన్నుకొన్న మాటను వ్రాసి, మొదటి పది ఫలితములను ఒక్కొక్కటిగా తెరచి చదువవలెను. ఆ పదియు పెద్ద అంగళ్లవియు, ప్రసిద్ధ పత్రికలవియు నై, అడిగిన దానికి సరియైన సమాధానము నిచ్చుచున్నచో నమస్కరించి తప్పుకొనవలెను. అట్లుగాక, వానిలో పాతబడిన పుటలు, ఎవరో అడుగగా ఎవరును సరిగా బదులు చెప్పని ప్రశ్నలు, వేరొక విషయమును గూర్చి వ్రాయుచు మన మాటను దారిలో తాకి పోయిన వ్యాసములు ఉన్నచో అది ఖాళీ తరంగదైర్ఘ్యమని గ్రహింపవలెను. పట్టుచీర జరీని గూర్చి పుట లెన్నియో కనబడినవి. మంగళగిరి నూలుచీర జరీ అంచు నెట్లు ఉతుకవలెనో నేసినవాడు చెప్పిన పుట ఒక్కటియు మాకు కనబడలేదు.

తెలుగువారికి ఇందు మరియొక చిక్కును, మరియొక మేలును కలవు. మనవారిలో అనేకులు తెలుగుమాటనే ఆంగ్లలిపిలో వ్రాసి వెదకుదురు. 'చీర' యను రెండక్షరములను ఒకరు ఒక విధముగను, మరియొకరు వేరొక విధముగను కూర్తురు. ఒకచోట తువ్వాలన్నది మరియొకచోట తుండుగుడ్డ. ఒకరి జాకెట్టు మరియొకరి రవిక. మేము ఇప్పుడు మాటాడుచున్న ఈ భాషలో ఎవరును వెదకరని ఒప్పుకొనవలసియే యున్నది! అయినను ప్రతి రూపమునకు ఒక్కొక్క పుట పెట్టరాదు. ఒకే పుటలో ఆ మాటలు సహజముగా వచ్చునట్లు వ్రాసిన చాలును; అర్థము ఒక్కటేయని యంత్రము చాలవరకు గ్రహింపగలదు. మేలు ఏమనగా, తెలుగులిపిలో నిజమైన సమాచారముతో నిండిన పుటలు ఆంగ్లమున నున్నన్ని లేవు. ఎన్నో విషయములలో ఆ మడి ఇంకను బీడుగనే యున్నది.

ఆ యువకుడు నూరింటిలో పండ్రెండు మాటలను ఏరికొనెను. వారమున కొక పుట వంతున తల్లి చెప్పగా వ్రాసెను. మొదటి రెండు మాసములు ఏమియు జరుగలేదు. మూడవ మాసమున గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో కదలిక కనబడెను. తన పుట ఏ మాటలకు కనబడుచున్నదో, ఎన్నవ స్థానమున నున్నదో యజమానికి ఉచితముగా తెలుపు సాధన మది. రెండవ పుట అంచున వ్రేలాడుచున్న మాటలను చూచి, ఆ పుటలను మరల వ్రాసి, కొరతలు పూరించెను. గంజిని గూర్చిన పుట ముందుగా పైకి వచ్చెను. దానిని చదివి ఒకామె ఫోనుచేసి సందేహ మడిగి, రెండు చీరలు తెప్పించుకొనెను. నిజాం అంచును గూర్చిన పుటను అంతకంటె ఎక్కువమంది చదివిరి గాని ఒక్క చీరయు అమ్ముడుపోలేదు. తెలిసికొనగోరువాడు వేరు, కొనగోరువాడు వేరు. మాట నెన్నుకొనునప్పుడు వెదకువాని సంఖ్యనే గాక, వాని మనస్సును సయితము చూడవలెనని ఆ పుట నేర్పినది.

ఈ దారిలో రెండు ప్రలోభములు ఎదురగును. ఒకటి, ఎన్నుకొన్న మాటను పుటనిండ మరల మరల చల్లుట. రెండవది, వందలకొలది పుటలను యంత్రముచేత వ్రాయించి నింపుట. మొదటిదానిని గూగుల్ ఎంతోకాలముగా నిషేధించినది. రెండవదానిపై 2024 మార్చిలో నియమములను కఠినము చేసినది. నియమముల మాట యటుంచి, పోటీలేని మాట దొరకినంత మాత్రమున పని ముగియదు. అది చెప్పుటకు చోటు మాత్రమే. చెప్పదగిన సంగతి మనయొద్ద నుండవలెను.

ఈ యక్కర నేడు మరింత హెచ్చినది. గూగుల్ 2024 మే నెలలో అమెరికాలోను, ఆగస్టులో మన దేశమునను, ఫలితముల పైభాగమున యంత్రము కూర్చిన సమాధానమును చూపుట ప్రారంభించెను. అందరికి తెలిసిన సంగతిని అచటనే చదివికొని, క్రింది పుటలను తెరువకయే మరలిపోవువా రుందురు. కావున పదిచోట్ల నున్న దానిని పదునొకండవచోట వ్రాయుటవలన ఇక ప్రయోజనము స్వల్పము. చేతితో చేసినవానికి, కంటితో చూచినవానికి మాత్రమే తెలిసిన సంగతికి విలువ కలదు.

మంగళగిరిలో ఆ రెండవ మగ్గము అమ్ముడుపోలేదు. అప్పు ఇంకను పూర్తిగా తీరలేదు. తీరినదని చెప్పిన అసత్యమగును. అయినను నెలకు కొన్ని చీరలు నేరుగా కొనువారి యిండ్లకు పోవుచున్నవి. ఆ తల్లి ఇప్పు డొక నోటు పుస్తకము పెట్టినది. వచ్చినవారు అడిగిన ప్రశ్నను వారి మాటలలోనే అందు వ్రాయును. మా కార్యాలయమునకు వచ్చు శ్రోతల ఉత్తరములను మేమును అట్లే చదువుట నేర్చుకొనుచున్నాము. ఏమి చెప్పవలెనో మనకు తెలిసియుండవచ్చును. దానిని ఏ మాటతో అడుగుదురో చెప్పగలవారు మాత్రము అడుగువారే. క్రొత్తగా వెబ్‌సైటు పెట్టదలచినవారు ముందుగా అట్టి పుస్తకమొకటి తెరతురు గాక యని మా మనవి.