ఎడమచేతి పని

బావినుండి నీరు తోడుకొను ఇండ్లలో పెద్దలు పిల్లలకు చెప్పు హెచ్చరిక యొకటి కలదు: తోడిన చేంతాడును కాళ్లచుట్టు పడనీయరాదు. చేద పైకి వచ్చుచున్నంతసేపు త్రాడు ఏ హానియు చేయదు. చేద మరల బావిలోనికి జారునపుడే కాలికి తగిలిన మెలిక మనిషిని లాగును. ఏటిలో నిలిచి గాలము విసరువారికిని ఈ హెచ్చరిక వర్తించునని మేము కాశ్మీరములో తెలిసికొంటిమి.

ట్రౌటు చేప కాశ్మీరమున పుట్టినది కాదు. బ్రిటను నుండి తెచ్చిన గ్రుడ్లతో 1900లో అచట దాని పెంపకము మొదలైనది. పహల్గాము మీదుగా పారు లిద్దరు నదిలో మత్స్యశాఖవారి అనుమతిపత్రము పొంది దానిని పట్టవచ్చును. ఎర యనగా పురుగువలె కనబడునట్లు ఈకలును దారమును చుట్టిన చిన్న కొక్కెము; దీనినే ఫ్లై యందురు. మన గాలమునకు సీసపుగుండు బరువు నిచ్చును. ఫ్లైకి బరువు లేదు. బరువంతయు లావైన త్రాటిలోనే యుండును. ఆ త్రాడు సామాన్యముగా 27 మీటర్ల పొడవుండును. దూరము విసరదలచినవాడు ముందుగా రీలునుండి కొంత త్రాడు లాగి, వదులుగా నుంచుకొని, కర్రను ఊపి విడువవలెను.

ఆ వదులు త్రాడు ఎచట నుండవలెనన్న ప్రశ్న మాకు తోచలేదు. మోకాలిలోతు నీటిలో నిలిచి, కుడిచేతి ఊపు అందముగా నున్నదా లేదా యనియే చూచుకొనుచుంటిమి. ఎడమచేత లాగిన త్రాడు నీటిలో పడి, ప్రవాహముతో సాగి, మా కాళ్లను చుట్టినది. విసరినపుడు నీరు దానిని పట్టియుంచుటచే ఫ్లై సగము దూరముననే పడినది. అయినను ఒక చేప తగిలినది. అది దిగువకు పరుగెత్తగా త్రాడు మోకాలికడ బిగిసెను. అడుగు తీయబోయి, గుండ్రని రాతిపై జారి, మంచువంటి నీటిలో కూలబడితిమి. చేప తెంచుకొని పోయినది. నీరు నడుములోతున నుండినచో ఈ ప్రసంగము మరియొకరు చేయవలసివచ్చెడిది. మాతో వచ్చిన ఊరి వృద్ధుడు మమ్ములను లేవదీసి, కుడిచేతిని గూర్చి ఏమియు అనలేదు. మా ఎడమచేతిని చూపి నవ్వెను.

ఆయన నేర్పిన పద్ధతి యిది. త్రాడు లాగునపుడు మొదటి చుట్టను పెద్దదిగా తీసి ఎడమచేతి వ్రేళ్లపై నుంచవలెను. రెండవది దానికంటె చిన్నది, మూడవది ఇంకను చిన్నది. అన్నియు సమానముగా నున్నచో వ్రేలాడు కొనలు ఒకదానిలో నొకటి దూరును. ఇట్లు తీసినచో, విడుచునపుడు కడపటి చిన్నచుట్ట ముందు పోవును. తక్కినవి వరుసగా దాని వెంట పోవును. కొందరు చుట్టలను పెదవులతో పట్టుదురు. ఏటినీటివలన రోగములు రావచ్చును గనుక అది తగదు. సముద్రపు అలలలో నిలుచువారు నడుమునకు బుట్ట కట్టుకొని త్రాటిని దానిలో పడనిత్తురు. అడుగున నిలిపిన చిన్న కొమ్ములు చుట్టలను కలియనీయవు.

మరి రెండు మాటలు. రీలుపై చాలకాలమున్న త్రాడు స్ప్రింగువలె ముడుచుకొనును. నీటిలో దిగకముందే దానిని లాగి సాగదీయవలెను. నిలిచినచోటినుండి కదలవలసినచో వదులు త్రాటిని ముందు రీలుకు చుట్టి, పిమ్మట అడుగు వేయవలెను.

మరునాడు మేము పది మీటర్లకు మించి విసరలేదు. అంతకుమించి త్రాడు లాగనూ లేదు. సాయంకాలమునకు ఒక చిన్న ట్రౌటు చేతికి వచ్చినది. దానిని నీటిలోనే కొక్కెమునుండి తప్పించి విడిచితిమి. ఒడ్డునకు వచ్చి చూచుకొనగా మోకాళ్ల పైభాగము పొడిగా నున్నది. వృద్ధుడు ఈసారి నవ్వలేదు. తల మాత్రము ఊపెను.