సలహా మండలిలో ఎవరు కూర్చోవాలి



స్నాతకోత్సవ వేదికల మీద, పట్టాలు అందుకునే మీలాంటివాళ్లకు పెద్ద పెద్ద కలలు కనమని చెప్పడం ఆనవాయితీ. అది చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను నాకు తెలిసిన పని గురించే మాట్లాడతాను. విశ్వవిద్యాలయాల్లో పుట్టే జీవశాస్త్ర స్టార్టప్‌లకు సలహా మండళ్లుంటాయి. వాటిలో కొన్నేళ్లుగా కూర్చుంటున్నాను, అప్పుడప్పుడు అధ్యక్షుడిగా. పేరు ఘనంగానే ఉంటుంది గానీ డబ్బు మా చేతిలో ఉండదు, అనుమతులు మేమివ్వం, పేటెంటు మా పేరున రాదు. టీ, సమోసాలు మాత్రం వేళకి వస్తాయి. ఏ అధికారమూ లేని ఆ కుర్చీలో కూర్చుని నాయకత్వం వహించడమంటే ఏం చెయ్యాలి?

మన హైదరాబాద్‌లోనే జరిగిన కథ ఒకటి చెబుతాను. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు 1992లో జెనీవాలో జరిగిన ఒక సమావేశానికి వెళ్లారు. హెపటైటిస్-బి టీకా సాంకేతికత మీ దేశానికి అందేది కాదన్న చులకన అక్కడ ఆయనకు గట్టిగా తగిలింది. మరుసటి ఏడాది తల్లి శాంతమ్మ గారి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. బ్యాంకులు మొహం చాటేస్తే ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ పెట్టుబడి పెట్టారు. పరిశోధనకు సొంత ల్యాబ్ లేదు. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆ తర్వాత కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ చోటిచ్చాయి. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి వచ్చింది. రీకాంబినెంట్ పద్ధతిలో మన దేశం తయారుచేసుకున్న తొలి హెపటైటిస్-బి టీకా అది. దిగుమతి టీకా డోసుకు వందల రూపాయలు పలుకుతున్న రోజుల్లో, అందులో చిన్న వంతుకే దొరికింది.

వైరస్ జన్యువును ఈస్టులోకి ఎలా ఎక్కించాలో తెలిసినవాళ్లు ఆ ల్యాబుల్లో ఉన్నారు. వరప్రసాద్ రెడ్డి గారికి అది రాదు. కానీ కూలి పని చేసుకునేవాడు తన బిడ్డకు ఈ టీకా వేయించగలడా అనే ప్రశ్న ఆయన వెంట ఆ ల్యాబుల్లోకి వచ్చింది. గదిలో అందరికన్నా ఎక్కువ చదివినవాడే నాయకుడు కావాలని ఎక్కడా లేదు. ఎవరూ అడగని ప్రశ్నను తెచ్చి బల్ల మీద పెడితే చాలు.

ఈ కథను ఉపన్యాసాల్లో ఇక్కడికే ఆపేస్తారు. తర్వాతి సంగతీ వినండి. 2009లో శాంతా, ఫ్రాన్స్ మందుల సంస్థ సనోఫీ చేతికి వెళ్లింది. మరుసటి ఏడాదే ఐదు జబ్బులకు ఒకే సూదిగా ఇచ్చే షాన్-5 టీకా సీసాల లోపలి గోడలకు తెల్లటి మడ్డి పడుతోందని తేలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తన ఆమోదిత టీకాల జాబితాలోంచి తీసేసింది. మళ్లీ ఆ జాబితాలోకి ఎక్కేసరికి 2014 వచ్చింది. సీసా గోడకంటిన మడ్డికి నాలుగేళ్లు! జీవశాస్త్ర వ్యాపారంలో ఇలాంటివి మామూలే. మొబైల్ యాప్‌లో తప్పు దొర్లితే రాత్రికి రాత్రి దిద్దుకోవచ్చు. హైటెక్ సిటీ మనకు కూతవేటు దూరంలోనే ఉంది కాబట్టి మీకు ఆ వేగం అలవాటైపోయి ఉంటుంది. దాన్ని ల్యాబ్ గుమ్మం దగ్గరే వదిలేసి రావాలి.

మరి ఎవరూ అడగని ప్రశ్న గదిలోకి ఎలా వస్తుంది? ఒక మండలి సమావేశంలో ఏం జరిగిందో చెబుతాను. ఇద్దరు కుర్రాళ్లు, ఒకమ్మాయి కలిసి రక్తపరీక్ష కిట్ ఒకటి తయారుచేశారు. బొట్టు రక్తం, పావుగంటలో ఫలితం. స్లైడ్లు ముచ్చటగా ఉన్నాయి. ఆచార్యులు మెచ్చుకున్నారు, పెట్టుబడి పెట్టేవాళ్లు మార్కెట్ ఎంత ఉంటుందని అడిగారు. ఆరోజు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే ల్యాబ్ టెక్నీషియన్‌ను కూడా పిలిచాం. నలభై దాటిన ఆవిడ, మూల కుర్చీలో కూర్చున్నారు. డబ్బా చేతికందగానే మూత తియ్యలేదు. వెనక్కి తిప్పి, కళ్లద్దాలు పైకి నెట్టి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివారు: రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి.

"దీన్నెక్కడ పెట్టమంటావమ్మా?" అని ఆ అమ్మాయినే అడిగారు. "మా టీకాల ఫ్రిజ్‌లో టీకాలు తప్ప ఇంకేం పెట్టనివ్వరు. రెండో ఫ్రిజ్ మాకు లేదు."

స్లైడ్లు ముందుకు కదల్లేదు. తర్వాత ఏడాదంతా వాళ్లు ఫలితాల కచ్చితత్వం సంగతి పక్కన పెట్టి, బయటి వేడికి తట్టుకునేలా స్ట్రిప్‌ను ఎండబెట్టే పద్ధతి మీదే కూర్చున్నారు. అది చేసి ఉండకపోతే ఆ కిట్ ఏ ఊరికీ చేరేది కాదు. ఆరోజు అధ్యక్షుడిగా నేను చేసింది ఆవిడకు ఫోన్ చేయించి పిలిపించడం, ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో ఎవర్నీ అడ్డు రానివ్వకపోవడం. రెండోది మొదటిదానికన్నా కష్టం. మన సమావేశాల్లో డాక్టరేట్ ఉన్నవాళ్లు డిప్లొమా ఉన్నవాళ్ల మాట పూర్తి కానివ్వరు. రేపటి నుంచి మీలో కొందరు ఆ డాక్టరేట్ వాళ్లే!

ఇంకో చిన్న హెచ్చరిక, ఇదీ మండలి కుర్చీలోంచి చూసిందే. పరిశోధన ఫలితాన్ని సదస్సులో పోస్టర్‌గా అతికించి, ఆ తర్వాత పేటెంటుకు వచ్చేవాళ్లు ఏటా కనిపిస్తారు. నలుగురిలో పెట్టేశాక అది కొత్తది కాదంటుంది చట్టం. ముందు ప్రొవిజనల్ దరఖాస్తు వెయ్యండి. పూర్తి దరఖాస్తుకు పన్నెండు నెలలు దొరుకుతాయి. పోస్టర్ ఎక్కడికీ పోదు.

ఈ హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో అబిడ్స్‌లో, సరోజినీ నాయుడు గారింట్లో, గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలైంది. ఇప్పుడిక్కడ ఆస్పైర్-బయోనెస్ట్ ఇంక్యుబేటర్ ఉంది, ఆలోచన ఉన్నవాళ్లకు ల్యాబ్ ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంటు కింద యాభై లక్షల దాకా, పద్దెనిమిది నెలల గడువుతో డబ్బు దొరుకుతుంది. మంచి పథకమే. కానీ రోటావైరస్ టీకా రోటావాక్‌ను చూడండి. ఎయిమ్స్‌లో డాక్టర్ భాన్ బృందం నవజాత శిశువుల్లో 116ఈ రకం వైరస్‌ను గుర్తించింది 1980లలో. మన జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ దాన్ని టీకాగా మలిచి, 6,799 మంది పసిపిల్లలతో మూడో దశ పరీక్ష పూర్తి చేసి, 2015లో బయటికి తెచ్చింది. డోసు ఒక డాలరుకే ఇస్తామని ఆ సంస్థ అధిపతి కృష్ణ ఎల్ల గారు ముందే మాటిచ్చారు. పద్దెనిమిది నెలల గ్రాంటుకీ ముప్పై ఏళ్ల టీకాకీ మధ్య ఉన్న ఆ దూరంలోనే సలహా మండలి అవసరం పడేది. అధ్యక్షులు మారతారు, విద్యార్థులు వెళ్లిపోతారు, గ్రాంటు అయిపోతుంది. అందుకే ఏ ప్రయోగాన్ని ఏ ఫలితం చూసి ఆపేశామో మినిట్స్‌లో రాయించడం నా చాదస్తం. తర్వాత వచ్చేవాడు అదే గోతిలో పడకూడదు.

చివరగా ఉపకులపతి గారికి ఒక విన్నపం. మీ మండలిలో ఒక కుర్చీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే టెక్నీషియన్లకో నర్సులకో శాశ్వతంగా ఇవ్వండి. వాళ్లకు బస్సు చార్జీలతో పాటు నిపుణులకిచ్చే సిటింగ్ ఫీజే ఇప్పించండి. ఉత్తర్వు ఎప్పుడు తీసినా సరే, వచ్చే సమావేశం లోపు తీస్తే సంతోషం.