ఊపిరి పీల్చి పాడే పాట
(యువజన కూటమిలో చేసిన ప్రసంగం)



మా యువజన బృందం కొంతకాలంగా క్రొమాటిక్ హార్మోనికా మీద బ్లూస్ నేర్చుకుంటోంది. "మనకు కీర్తనలు తక్కువయ్యాయా? ఎక్కడో అమెరికాలో సారా కొట్లలో వాయించిన పాట సంఘపు పిల్లలకెందుకు?" అని కొందరు పెద్దలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఈ రోజు దానికి జవాబు చెప్పాలనుకుంటున్నాం.

ముందు వాయిద్యం సంగతి. మనం మౌత్ ఆర్గన్ అనే దానిలో బ్లూస్‌కు ఎక్కువగా వాడేది 10 రంధ్రాల చిన్న రకం. క్రొమాటిక్‌కు సాధారణంగా 12 రంధ్రాలు, పక్కన ఒక బటన్ ఉంటాయి. బటన్ నొక్కితే స్వరం అర మెట్టు పైకి వెళ్తుంది. అందుకే హార్మోనియంలోని తెల్ల మెట్లూ నల్ల మెట్లూ అన్నీ ఇందులో దొరుకుతాయి. 16 రంధ్రాల పెద్దదానిలో 64 రీడ్లు ఉంటాయి. లూసియానాలో పుట్టి చికాగో చేరిన లిటిల్ వాల్టర్, ఆయన తరంవాడే అయిన జార్జ్ స్మిత్ దీని మీద బ్లూస్ వాయించి దారి చూపించారు.

వాళ్ల పద్ధతి ఇది. సి శ్రుతి క్రొమాటిక్ తీసుకుని, డి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకోవాలి. 1వ రంధ్రం పీల్చితే డి. 2వది పీల్చితే ఎఫ్. 3వది ఊదితే జి, బటన్ నొక్కి ఊదితే దానికి అర మెట్టు పైన, బటన్ వదిలి పీల్చితే ఏ. 4వది ఊదితే సి. 5వది పీల్చితే మళ్లీ పై డి. బటన్‌తో వచ్చే ఆ ఒక్క స్వరాన్ని తీసేస్తే మిగిలినవి మన శుద్ధ ధన్యాసి స్వరాలే. పలికే తీరు మాత్రం వేరు. నాలుకతో 2, 3, 4 రంధ్రాలు మూసి 1నీ 5నీ కలిపి పీల్చితే రెండు స్థాయిల డి ఒకేసారి నిండుగా మోగుతుంది.

ఇందులో ఒక విశేషం గమనించండి. మనం పాడేటప్పుడు ఊపిరి వదులుతూ పాడతాం. ఇక్కడ షడ్జమం, పంచమం, బరువైన స్వరాలు ఎక్కువగా ఊపిరి పీల్చినప్పుడే వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు కాసేపటికే ఛాతీ నిండిపోతుంది. గట్టిగా లాగితే రీడు మూగబోతుంది. కడుపులోంచి మెల్లగా పీల్చాలి, ఖాళీ దొరికిన చోట ముక్కుతో వదలాలి.

ఇక పాట నిర్మాణం. బ్లూస్‌లో ఎక్కువగా కనిపించేది 12 బార్ల చుట్టు. గాయకుడు ఒక మాట చెబుతాడు, అదే మాట మళ్లీ చెబుతాడు, మూడోసారి దానికి ముగింపు చెబుతాడు. ఒక్కొక్క పాదానికి 4 బార్లు. గొంతు అందులో సగం వరకే పాడుతుంది, మిగతా సగంలో వాయిద్యం జవాబిస్తుంది. కాబట్టి హార్మోనికా వాయించేవాడు నేర్చుకోవలసిన మొదటి పని, ఎదుటి మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా ఊరుకోవడం.

1865లో బానిసత్వం చట్టప్రకారం పోయినా, అమెరికా దక్షిణాదిలో నల్లజాతివారిని పాలికాపు అప్పులు, వేరు బడులు, మూక హత్యలు వదల్లేదు. బ్లూస్ ఆ బతుకులోంచి వచ్చింది. చాలా సంఘాలు దాన్ని సాతాను పాట అన్నాయి. నల్లజాతి విమోచన వేదాంతి జేమ్స్ కోన్ మాత్రం 1972లో రాసిన పుస్తకంలో ఆత్మీయ గీతాలనూ బ్లూస్‌నూ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే ప్రజల గొంతు అని చూపించాడు.

మన బైబిలులోనూ ఇలాంటి పాటలున్నాయి. 88వ కీర్తన చదవండి. అది చీకటితోనే ముగుస్తుంది. చివర్లో హల్లెలూయ లేదు. అయినా అది దేవునితో చెప్పిన ప్రార్థనే. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదే. నోరు తెరిచాకే అతన్ని గాయపరిచారు.

మన సంఘాలకు ఇది ఎందుకు అవసరం? మన తాతముత్తాతలు కోలార్ గనులకూ, బెంగళూరు వీధులు ఊడ్చే పనికీ వచ్చినవాళ్లు. నేటికీ ఈ నగరపు పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళితులు చాలామంది. రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దించకూడదని 2013 చట్టం చెబుతున్నా, మ్యాన్‌హోళ్లలో ఊపిరాడక మనుషులు చనిపోతూనే ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల గుర్తింపు లేదు. ఇంత బరువు మోస్తూ ఆదివారం గుడికి వచ్చిన అక్కతో మనం ఏమంటున్నాం? "ఏడవకమ్మా, స్తుతించు" అంటున్నాం. ఆమె మాట సగంలోనే మన వాక్యం మొదలవుతోంది.

నల్లజాతివారి దుఃఖాన్ని మనదని చెప్పుకోవడానికి మేము బ్లూస్ నేర్చుకోవడం లేదు. వాళ్ల దగ్గర వినడం నేర్చుకుంటున్నాం.

అందుకే ఒక మనవి. నెలకొక ఆదివారం, స్తుతి పాటలకు ముందు, పది నిమిషాలు విలాపానికి ఇవ్వండి. పనిచేసే అక్కలూ అన్నలూ తమ మాట తమ తెలుగులోనే చెప్పనివ్వండి. ఎవరూ సరిదిద్దవద్దు, వెంటనే ప్రార్థనతో మూసేయవద్దు. వాళ్లు ఆగిన చోట మా పిల్లలు హార్మోనికాతో జవాబిస్తారు. ఆ తర్వాత జీతం బకాయి ఎంత, చేతి తొడుగులు ఇచ్చారా, అర్జీ ఎవరికి రాయాలి అన్నది కలిసి కూర్చుని చూద్దాం.