శాసనసభ్యుడు శ్రీ వావిలాల గోపాలకృష్ణయ్యగారు
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున శాసనసభ్యుని గూర్చి ప్రసంగమేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. ఈ రెంటికిని దగ్గరి చుట్టరికమే యున్నది. మన యింటిపన్నుమీద రూపాయికి 8 పైసల వంతున చెల్లించు గ్రంథాలయపు సెస్సు 1960వ సంవత్సరపు శాసనము ననుసరించి వసూలగుచున్నది. ఆ శాసనము వెలువడిననాడు సభయందున్న వారిలో గ్రంథాలయోద్యమమున స్వయముగా పాటుపడిన పెద్దయొకరుండిరి. వారే శ్రీ వావిలాల గోపాలకృష్ణయ్యగారు.

వారు 1906 సెప్టెంబరు 17వ తేదీన గుంటూరు మండలమందలి సత్తెనపల్లిలో జన్మించిరి. గాంధీ మహాత్ముని పిలుపు విని ఉప్పు సత్యాగ్రహమున దిగి కారాగారవాస మనుభవించిరి. 1952, 1955, 1962, 1967 సంవత్సరములలో సత్తెనపల్లి ప్రజలు వారిని నాలుగుమారులు శాసనసభకు ఎన్నుకొనిరి. మద్రాసు, కర్నూలు, హైదరాబాదు: రాజధానులు మూడు మారినవి, వారి ముతక ఖద్దరు ధోవతియు, చంకలోని గుడ్డసంచియు మారలేదు. మంత్రిపదవి నెన్నడును చేపట్టినవారు కారు. పదవి లేకున్నను పని సాగునని వారి జీవితమే నిరూపించినది.

నందికొండయొద్ద కృష్ణకు ఆనకట్ట కావలెనని పోరాడినవారిలో వారొకరు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేసిరి. 1967లో కాలువలకు నీరు వదలబడినది. నేడు నాగార్జునసాగరమని మనము పిలుచునది దానినే.

అయినను నా మనస్సున నాటుకొన్నది వారి మరియొక కృషి. 1966లో తెలుగును అధికారభాషగా జేయుచు శాసనము వచ్చినది. 1974లో అధికారభాషా సంఘ మేర్పడగా దానికి ప్రథమాధ్యక్షులు వావిలాలవారే. ప్రజల పన్నుతో నడచు కచ్చేరి ప్రజల భాషలో మాటాడవలెననుటయే వారి పట్టుదల.

లెక్కలు వ్రాయువాడనగుటచే ఈ పట్టుదల విలువ నాకు తెలియును. తెలియుటకు కారణము నా తప్పిదమే. చాలకాలము క్రిందట ఒక రైతు ఆంగ్లమున వచ్చిన నోటీసొకటి తెచ్చి చదివి చెప్పుమనెను. నేను రేపు రమ్మంటిని. మరునాడును అట్లే అంటిని. ఆ దినములలో నేను మనుచరిత్రమందలి సమాసములకు అర్థము వెదకుకొనుచుంటిని. ఆ రైతు తన కాగితమునకు అర్థము తెలియక మా యరుగుమీద కూర్చుండెడివాడు. తుదకు విప్పి చూతునుగదా, మనవి చేసికొనుటకు గడువు ముందుదినముతో తీరిపోయినది! అతడు నన్ను ఒక్క మాటయు అనలేదు. నాకు దండము పెట్టి వెడలిపోయెను. ఆ దండము నేటికిని నన్ను బాధించుచున్నది. కాగితము తెలుగున నుండినచో అతని బిడ్డ చదివి చెప్పియుండెడిది. పరుల అజ్ఞానముమీద నిలిచిన గౌరవము గౌరవము కాదని నేను ఏ కావ్యమునను నేర్చుకొనలేదు. ఆ అరుగుమీదనే నేర్చుకొంటిని.

వావిలాలవారు వృద్ధాప్యమునను విశ్రమింపక మద్యనిషేధమునకై పాటుపడిరి. 1992లో పద్మభూషణ పురస్కారము వారిని వరించినది. 2003 ఏప్రిల్ 29వ తేదీన, 96 ఏండ్లు దాటిన పిమ్మట, దివంగతులైరి.

అట్టివారికి పటము కట్టి పూలమాల వేయుట సులభము. శాసనము చేయువారు తమ పని చేసిరి. దానిని అరుగువరకు తెచ్చుట మన పని. కావున నాదొక మనవి. ప్రతి శనివారము సాయంకాలము ఈ గ్రంథాలయమున ఒకరు కూర్చుండి, చదువురానివారు తెచ్చిన కాగితములను ఆనాడే చదివి వినిపించవలెను. రేపు రమ్మను మాట ఇచట వినబడరాదు. మొదటి శనివారము నేను వత్తును. తక్కిన వారములకు పేర్లు వ్రాసికొనుటకై పుస్తకము బల్లమీద నుంచితిని.