దిగులుకు ఒక గడి

పత్తికొండలో ఎం.ఏ. ముగించిన ఒక అమ్మాయి, "కౌన్సెలింగ్ మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు చేయదలచాను. విషయమేది?" అని నన్నడిగింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో ఆచార్య కోనేరు రామకృష్ణారావుగారు మనస్తత్వశాస్త్ర శాఖను నెలకొల్పారు. 2022 నిబంధనల ప్రకారం పరిశోధనకు కనీసం 3 ఏండ్లు కావాలి.

విషయమంటారా, అది ఆమె వీధిలోనే ఉన్నది. వానలు మొగం చాటేసిన ఏడు కూలిజనం పిల్లలను అవ్వల వద్ద విడిచి, మిరపకోతలకు గుంటూరు సీమకు తరలిపోతారు. "గుండెల్లో రాయి పెట్టినట్టుంది" అంటుంది అవ్వ. విదేశీ ప్రశ్నావళిలో ఆ మాటకు గడి లేదు.

అయితే పట్టా పరిశోధనకే సాక్ష్యం. దుఃఖితుని ఎదుట కూర్చుని వినడానికి అనుభవజ్ఞుల పర్యవేక్షణలో వేరే సాధన కావాలి. ముందుగా ఆ ప్రశ్నావళిని తన అవ్వకు చదివి వినిపించమన్నాను.