రూల్ చెప్పారు, కథ చెప్పలేదు

ఈ మధ్య మీలో చాలామంది పంపుతున్న ప్రశ్న ఇదే: "అన్నా, మా సంఘంలో అన్నీ వద్దు వద్దు అంటారు. కమ్మలు వద్దు, సినిమా వద్దు, ఆదివారం పని వద్దు. ఎందుకు అని అడిగితే ఎదురు మాట్లాడుతున్నావంటారు. ఏం చేయాలి?"

పెద్దవాళ్ళని తిట్టడానికి ఈ వీడియో చేయట్లేదు. మిమ్మల్ని తిట్టడానికీ కాదు. ఈ కట్టడలు ఎక్కడినుంచి వచ్చాయో ముందు చూద్దాం.

ఒంగోలు వెళ్దాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చాడు. ఎర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ళు ఊరూరా తిరిగి సువార్త చెప్పారు. కరువు కాలం దాటాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్ళు. వాళ్ళకి చెప్పిన రూల్స్ మూడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన పశువు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు.

ఇప్పుడు వింటే ఇదేం పెద్ద సంగతి అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో కూలివాడికి సెలవు అనే మాటే లేదు. ఆసామి ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళాలి. అలాంటి మనిషి "ఈ ఒక్కరోజు రాను" అన్నాడు. ఊరి జాతరలో డప్పు కొట్టను అన్నాడు. ఊరి పెద్దలకి కోపం వచ్చింది, వేధించారు. అయినా వాళ్ళు నిలబడ్డారు. అంటే ఆ రూల్ వాళ్ళకి సంకెల కాదు. "నా ఏడు రోజుల్లో ఒకరోజు నీది కాదు" అని మొదటిసారి చెప్పగలిగిన మాట అది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మా యూత్ మీటింగ్‌లో ఇంటర్ చదివే ఒక చెల్లి అడిగింది, "కమ్మలు ఎందుకు పెట్టుకోకూడదు?" అని. ఒక పెద్దాయన 1 పేతురు 3 తీసి చదివేసి, "అంతే" అన్నారు. అప్పుడు వెనక చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ అంది: "నాకు పెట్టుకోడానికి ఏమీ ఉండేవి కాదమ్మా. ఉన్నోళ్ళు కూడా తీసేసి నా పక్కన కూర్చుంటే, నేను మొదటిసారి సిగ్గుపడకుండా కూర్చున్నా." అందరూ నిశ్శబ్దం. ఆ చెల్లి మెల్లగా అంది: "మరి అవ్వా, నా ఇరవై రూపాయల కమ్మలు తప్పయితే, ముందు వరసలో ఇరవై వేల పట్టుచీర తప్పు కాదా?"

చూశారా? అవ్వ మాట నిజమే, చెల్లి మాటా నిజమే. రూల్ మిగిలింది, అది దేనికోసం పుట్టిందో అది పోయింది.

ఆదివారం సంగతి కూడా అంతే. ఫుడ్ డెలివరీ చేసే తమ్ముడికి ఆదివారమే ఎక్కువ ఆర్డర్లు. ఆ రోజు లాగౌట్ అయితే ఇన్సెంటివ్ పోతుంది, బండి ఈఎంఐ ఆగదు. వాణ్ణి చూసి "లోకం పట్టుకుపోయాడు" అనడం చాలా తేలిక. కానీ ఆ పాత రూల్ అవసరం ఇప్పుడు ఎవరికుంది? వాడికే కదా! అప్పుడు ఆసామి పిలిచేవాడు, ఇప్పుడు ఫోన్ పిలుస్తోంది. సంఘం వాణ్ణి నిందించే బదులు సాయంత్రం ఇంకో ఆరాధన పెట్టొచ్చు. ఆ నెల ఈఎంఐకి చేయి అందించొచ్చు.

యెహోషువ 4వ అధ్యాయం చదవండి. యొర్దాను దాటాక పన్నెండు రాళ్ళు నిలబెట్టారు. ఎందుకు? రేపు పిల్లలు ఈ రాళ్ళేంటని అడుగుతారు, అప్పుడు జరిగింది చెప్పండి అని. అంటే పిల్లలు అడుగుతారని దేవునికి ముందే తెలుసు! అడగడం తిరుగుబాటు కాదు. జవాబు చెప్పడం పెద్దవాళ్ళ పని. అపొస్తలుల కార్యములు 15లో కూడా అంతే. అన్యులకి సున్నతి కావాలా అని పెద్ద వాదనే జరిగింది. పేతురు లేచి, మన పితరులూ మనమూ మోయలేని కాడి వీళ్ళ మెడ మీద ఎందుకు పెట్టాలి అన్నాడు. కూర్చుని మాట్లాడారు, కొన్ని ఉంచారు, కొన్ని తీసేశారు.

కాబట్టి పెద్దలారా, రూల్‌తో పాటు దాని కథ కూడా చెప్పండి. కథ గుర్తులేని రూల్ ఉంటే దాన్ని మళ్ళీ వాక్యం ముందు పెట్టి చూడండి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, "ఓల్డ్ జనరేషన్" అని కొట్టిపారేసి సైలెంట్‌గా సంఘం మానేయకండి. ఈ వారం మీ నానమ్మనో తాతయ్యనో అడగండి: "మీరు రక్షణలోకి వచ్చినప్పుడు ఏం వదులుకున్నారు? ఎందుకు?" ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ఆ గొంతు ఎప్పుడూ ఉండదు.

వాళ్ళు చెప్పింది కామెంట్‌లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని చదువుకుందాం. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.